తోడేలు మీద నింద

“గిదేనా తోడేలు?” అద్దం వెనక గడ్డి కూరి నిలబెట్టిన జంతువును చూసి అడిగింది లక్ష్మీనర్సమ్మ.

ఆమె మొగడు ఐలేశం మెల్లగ వెనకకు జరిగిండు. నిరుడు జాతరకు మొక్కిన పొట్టేలును తోడేలు ఎత్తుకపోయిందని చెప్పింది తనే. అది దూడంత ఉండెనని, పొట్టేలును నోట కరుచుకొని కంచె దుంకెనని ఊరంత నమ్మించిండు. గా తోడేలు మ్యూజియంల ఎదురువడ్తదని కలగన్నడా?

“తాతా, గిది మన కుక్కంతనే ఉన్నది,” అన్నది మనుమరాలు మల్లిక.

“సచ్చినంక ఎండిపోతది బిడ్డా, చేప లెక్క.”

“మన పొట్టేలును ఇద్దరు మనుషులు లేపాలె,” అన్నది లక్ష్మీనర్సమ్మ. “గీ బక్కదానికెట్ల లేచిందయ్యా?”

“మస్తు ఆకలి మీదుండె.”

ఆమె అద్దం మీదికి వంగి తోడేలుతోనే మాట్లాడింది. “పాపం, నీ మీద ఊకెనే నింద పడ్డది. గా పొట్టేలు మా తమ్ముని మందల సల్లగ మేస్తాంది. దాని చెవికి గాటు పెట్టింది నేను, నేను గుర్తువట్టనా?”

ఐలేశం తల వంచిండు. “పాలు తాపి సాదిన. కత్తి కిందికి తోలబుద్ధి కాలే. అమ్మవారి మొక్కు తప్పినమని ఏడాది సంది నిద్ర లేదే.”

“ఫికర్ చెయ్యకు. పుంజును కోసి మొక్కు అప్పుడే తీర్చిన.”

“ఏ పుంజు? నా ఎర్రపుంజా? దాన్ని అడివిపిల్లి పట్టుకపోయిందంటివి గద!”

లక్ష్మీనర్సమ్మ మల్లిక చెయ్యి పట్టి వాకిలి దిక్కు గుంజింది.

“పా బిడ్డా, బయటికి పోదాం. పక్క అద్దంల అడివిపిల్లి ఉన్నది. దాని మొఖం నేను చూడలేను.”