నాలుగువేల పార్సిళ్లు

ఉత్తమ ఉద్యోగి షీల్డు పట్టుకుని శ్రీహర్ష తిన్నగా తన బల్ల దగ్గరికే రావడంతో శేషగిరి కడుపు భగ్గుమంది. ఈ షీల్డు వచ్చినవాడినే డిస్పాచ్ ఇన్‌ఛార్జిని చేస్తారు. ఆ కుర్చీ కోసం ఆయన నోయిడా ఆఫీసులో పదకొండేళ్లుగా కాచుకున్నాడు.

“నెల్లాళ్లు గుర్‌గావ్ హెడ్డాఫీసులో కూర్చుని ఇక్కడ షీల్డు కొట్టేశావు. జాతకమంటే నీదేనయ్యా!”

“హెడ్డాఫీసేంటి బాబాయ్? నేను ఉద్యోగం మానేసి నెలైంది. జనక్‌పురిలో టిఫిన్ సెంటర్ పెట్టుకున్నా. ఇవాళ రిలీవింగ్ లెటర్ కోసం వస్తే పట్టుకుని దండేశారు.”

“మానేశావా! మరి నీ హాజరు?”

“మేనేజర్ కుర్చీ దిగకుండా అందరికీ వేసేస్తాడుగా.”

“నాలుగువేల పార్సిళ్లు పంపావని మైకులో చదివారే!”

“మీ లాగిన్ పాడైందంటే, వెళ్తూ నా పాస్‌వర్డ్ మీకిచ్చాను కదా. అందులో పనిచేసిందెవరు?”

శేషగిరికి అప్పుడు వెలిగింది. పొద్దున్నుంచీ తాను కుళ్లి చచ్చింది తన కష్టాన్ని చూసే!

ఆయన చివాలున లేచాడు.

“ఎక్కడికి బాబాయ్?”

“మేనేజర్ దగ్గరికి. నువ్వు మానేశావని చెప్తా.”

“మూడుసార్లు చెప్పాను. ‘మజాక్ మత్ కరో’, వేళాకోళాలొద్దు అని నవ్వి, రేపట్నుంచి ఇన్‌ఛార్జివి నువ్వే అన్నాడు.”