తీతువు అన్న ఒక్క మాట

చెరువుగట్టు మీద తీతువు రోజూ తెల్లవారగానే అందరికీ వార్తలు చెప్పేది. అబద్ధమాడననీ, వార్త చెప్పందే పురుగు ముట్టననీ దానికి తనమీద తనకే మహా గౌరవం.

ఒకనాడు అది, "పాపం, ఒంటికాలి కొంగ నీలవేణి! ఉన్న ఒక్క కాలితో ఎంత కష్టపడి చేపలు పడుతోందో!" అని గొంతు వణికించి చెప్పింది. విన్నవాళ్ల మనసు కరిగింది. కొంగల పెద్ద నీలవేణిని మడుగులోంచి లేపి, "నువ్వు గట్టున కూర్చో తల్లీ, మిగిలినవి నీకే పెడతాం" అంది. మిగిలేవి తలకాయలే.

ఆకలికి తాళలేక నీలవేణి తీతువు దగ్గరికి వచ్చింది.

"నా నోటికాడ కూడు తీసేశావు కదా బాబాయ్!"

"నేను అబద్ధమేం చెప్పానే?"

"రేపు మడుగులో నిలబడతాను. అన్ని కొంగల్లో నేనెవరో పోల్చుకో, చాలు."

మర్నాడు కొంగలన్నీ ఎప్పటిలాగే ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం కాచుకున్నాయి. తీతువు అందరినీ పిలిచి, బాగా వంగిన కొంగను చూపించి, "అదిగో, పాపం నీలవేణి!" అంది.

ఆ కొంగ మడిచిన రెండో కాలు దించింది. అది కొంగల పెద్ద!

"పాపమా? నాకా?" అని మండిపడింది. గట్టంతా గొల్లున నవ్వింది. పక్కనే ఉన్న నీలవేణి మాత్రం నోట్లో చేప ఉండడంతో నవ్వలేకపోయింది. దాన్ని మళ్లీ ఎవరూ గట్టెక్కమనలేదు.

మర్నాడు తీతువు వార్త చిన్నదైపోయింది. "కొంగలు చేపలు పట్టాయి. పెద్ద చేప నీలవేణిది. నేను నవ్వులపాలయ్యాను. పాపం తీతువు అని మాత్రం ఎవరూ అనకండి."