ఆమ్లం వరుస

చచ్చిపోవాల్సిన మొక్కలు నవనవలాడుతున్నాయి.

పరిశోధకురాలు నమ్మలేక మూడోసారి స్కేలు పెట్టి కొలిచింది. గాజు గదిలో రెండు వరుసల టమాటా మొక్కలున్నాయి. కుడి వరుసకు మామూలు నీళ్ళు. ఎడమ వరుసకు, ఫ్యాక్టరీ చుట్టుపక్కల కురిసే వానలో ఎంత ఆమ్లం ఉంటుందో అంత కలిపిన నీళ్ళు. పొద్దున్నే గొట్టాలు వాటంతటవే చల్లుతాయి. వాన నీళ్ళు సేకరిస్తూ ఊళ్ళు పట్టుకు తిరగడంలో ఆమె నెలన్నరగా ఇటు తొంగి చూడలేదు. ఈపాటికి ఎడమ వరుస ఆకులు మచ్చలు పడి, మొక్కలు గిడసబారి ఉండాలి. అలా లేవు సరికదా, కుడి వరుస కంటే నాలుగు వేళ్ళు ఎత్తే ఉన్నాయి.

పక్కనే తోటమాలి చేతులు కట్టుకుని మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తన చేతిలో ఒక్క మొక్క కూడా పోలేదని ఆయనకు మహా గర్వం. ఆయన హస్తవాసి అలాంటిదని అక్కడ అందరూ ఒప్పుకుంటారు కూడా.

"తాతా, వీటికేం చేశావు?"

ఆయన దాచలేదు. మొదటి వారమే ఆకుల మీద మాడిన మచ్చలు చూసి ప్రాణం ఉసూరుమందట. అప్పట్నుంచి వారం వారం మొక్కల మొదళ్ళలో చిటికెడు సున్నం వేస్తూ, గొట్టాలు ఆగగానే ఒక్కో ఆకునూ సున్నపు తేటతో కడుగుతున్నాడట.

"కళ్ళ ముందు చస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా తల్లీ?"

ఆమె స్టూలు మీద కూలబడింది. కొంప ముంచావు తాతా, అంది నీరసంగా. ఇంకో గంటలో కమిటీ వస్తోంది. ఈ వానకు పైరు ఎలా దెబ్బతింటుందో వాళ్ళు కళ్ళారా చూస్తేనే పొగగొట్టాలకు వడపోత పెట్టమని ఫ్యాక్టరీకి ఆర్డరు వేస్తారు. లేకపోతే చుట్టూ ఉన్న పొలాలకు ఇక దిక్కులేదు. ఎడమ వరుస చావే సాక్ష్యమని ఆమె విడమరచి చెప్పేసరికి తోటమాలి ముఖం వాడిపోయింది. అయినా తల మాత్రం వంచలేదు.

"తప్పు నాదే. కమిటీ ముందు నేనే చెబుతాను. బతికించినందుకు మాత్రం సిగ్గుపడను."

కమిటీ వచ్చింది. వెంట ఫ్యాక్టరీ మేనేజరూ వచ్చాడు. ఎడమ వరుస చూడగానే ఆయన ముఖం చేటంత అయింది. ఆమ్లం మొక్కలకు బలం కాబోలని చమత్కరించాడు. తోటమాలి అందరి ముందుకొచ్చి, ఉద్యోగం పోతే పోయిందని, సున్నం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పరిశోధకురాలికి కళ్ళు చెమర్చాయి.

మేనేజరు కొట్టిపారేశాడు. ఆవిణ్ణి కాపాడటానికి ముసలాయన అల్లిన కథ అన్నాడు.

"మా తోట సరిగ్గా పొగగొట్టాల కిందే ఉందండీ. ఒక్క ఆకుకు మచ్చ ఉంటే చూపించమనండి. నీళ్ళు తప్ప మేం వాటికి ఇంకేమీ పోయం."

కమిటీ పెద్దాయన స్టోరు పుస్తకం తిరగేసి, కళ్ళజోడు సవరించుకుని తోటమాలి వైపు తిరిగాడు. ఇక్కడి స్టోరులో సున్నమే లేదు కదా, ఇన్నాళ్ళకు సరిపడా ఎక్కడ సంపాదించావని అడిగాడు.

తోటమాలి ఛాతీ ఉబ్బింది.

"మా తమ్ముడు తెచ్చిచ్చాడయ్యా. ఈ వైద్యం నేర్పిందీ వాడే, నన్ను మించిన హస్తవాసి వాడిది. ఈ సారుగారి ఫ్యాక్టరీలోనే తోటమాలి. వాన వెలిసిన ప్రతిసారీ తోటంతా సున్నపు తేటతో కడిగించేది ఈ సారుగారేనట."