కొత్త ఎడిషన్‌కు పరీక్ష

"పుస్తకానికి పరీక్ష పెట్టమంటే మనిషి ప్రాణానికి పెడతాండావేమమ్మా?" అంటూ డాక్టర్ రామదాసు రిపోర్టు తెచ్చి పద్మావతమ్మ బల్ల మీద పడేశాడు.

పద్మావతమ్మ మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తింది. అనంతపురంలోని ఆ ఆసుపత్రికి రామదాసు పెద్ద సర్జన్. ఆయన గొంతు లేస్తే వరండాలో స్ట్రెచర్ చక్రాలు కూడా చప్పుడు చెయ్యవని నర్సులు నవ్వుకునేవారు. పద్మావతమ్మ మాత్రం జంకే రకం కాదు. కోసి తీసిన గడ్డ ముక్కను చూసి అది క్యాన్సరో కాదో తేల్చడం ఆమె పని. ఆ విద్యకంతా ఆధారమైన లావుపాటి పుస్తకానికి కొత్త ఎడిషన్ వచ్చింది. లైబ్రరీకి అది కొనాలా, పాతది సరిపోతుందా అన్నది చూసి రాయమని ఆమెకే అప్పజెప్పారు.

"పుస్తకం బాగుండాది సార్. కొనమని రాసినా."

"ముందుమాట చదివి రాసినావా?"

"మా నాయన శెనక్కాయల వ్యాపారి సార్. బస్తా కొనేటప్పుడు పైన కాయ చూడడు. చేయి లోపలికి దూర్చి అడుగు కాయ తీసి ఒలిచి చూస్తాడు. నేనూ అట్లే చూసినా. మనల్ని బాగా ఏడిపించే గడ్డ యాడుండాదో ఆ పేజీనే ముందు తీసినా. మొన్న మీరు పంపిన ముంజేతి గడ్డ అట్లాంటిదే."

ల్యాబుకు వచ్చే సీసా మీద నంబరే ఉండాలి, పేరు ఉండకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. పేరు చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే కన్ను మసకబారుతుంది అనేది.

"ఆ గడ్డ నెల తిరక్కుండా నిమ్మకాయంత అయింది" అన్నాడు రామదాసు. "పాత పుస్తకం ప్రకారం అది క్యాన్సరే. రేపు కర్నూలుకు పంపించి భుజం కాడికి తీసేపించాల. నువ్వేమో క్యాన్సర్ కాదు, చేయి తీయొద్దు అని రాసినావు."

"పాత పుస్తకం దాని ఊసే సరిగా ఎత్తలేదు సార్. కొత్తదాంట్లో బొమ్మలతో సహా ఉండాది. కండ మీద పొర ఊరికే రేగి, క్యాన్సర్ వేషం వేసుకోని వస్తాది. కొన్నాళ్ళకు దానంతట అదే అణిగిపోతాది."

"బొమ్మలు చూసి నమ్మేసినావు."

"బొమ్మల్ని నమ్మలేదు. పాత స్లైడ్లు బయటికి తీసి, సరిపోయినదాని నంబరుకు పేరేందో రిజిస్టర్లో వెతికినా. రాప్తాడు భద్రమ్మ జ్ఞాపకముందా? చేయి తీసేయాలని మీరంటే, ఎవురికీ చెప్పకుండా పారిపోయింది. ఆమె స్లైడూ, ఈ స్లైడూ, కొత్త పుస్తకంలో బొమ్మా ఒకటే. మనిషిని పంపి ఆమెను పిలిపించినా. గడ్డ జాడ లేదు సార్. ఆ చేత్తోనే నీళ్ళబిందె ఎత్తుకుంటాంది."

రామదాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అయినా పట్టు విడవలేదు.

"నీ మాట తప్పైతే ఆ మనిషి ఏడాదిలోపల పోతాడు. నా మాట తప్పైతే పోయేది చేయి మాత్రమే."

ఆ 'మాత్రమే' అన్న మాటకు పద్మావతమ్మకు ఒళ్ళు మండింది. "ఆయన ఏం పని చేస్తాడు?"

"రెండు చేతులూ లేకుంటే జరగని పని."

ఆమె కళ్ళముందు ధర్మవరం పట్టుమగ్గం కదిలింది. ఈ జిల్లాలో అటువంటి పని ఇంకేముంటుంది?

"మగ్గం గుంతలో కూర్చునే మనిషికి చేయి మాత్రమే అంటారా సార్? ఆ చేయి పోతే ఇంటిల్లిపాదీ కూలికి పోవాల. ఈ కరువులో కూలి మాత్రం యాడ దొరుకుతాది? నా మాట తప్పైతే ఉద్యోగం వదిలేసి పోతా. రిపోర్టు మాత్రం మార్చను."

రామదాసు పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని ఆ పేజీ చదివాడు. మళ్ళీ చదివాడు. ఎప్పుడూ బిగుసుకుని ఉండే ఆ మొహం మెల్లగా సడలడం చూసి పద్మావతమ్మకు గర్వంగా అనిపించింది. కొత్త ఎడిషన్ గెలిచిందనుకుంది.

"కొనిపిస్తా" అన్నాడు చివరికి. "నేను అరిస్తే నువ్వు మెత్తబడతావేమో చూద్దామనే అరిచినా. మెత్తబడింటే కర్నూలు బండి ఎక్కాల్సిందే. నీ నియమం కూడా మంచిదే. పేరు తెలిసుంటే నువ్వు స్లైడు చూసుండవు, మొహం చూసి రాసుందువు."

"ఎవరు సార్ ఆ మగ్గం నేసే ఆయప్ప?"

రామదాసు కుడిచేతి గుండీ విప్పి, చొక్కా చేతిని మోచేతి దాకా పైకి మడిచాడు. ముంజేతికి తెల్లటి కట్టు ఉంది.

"అయితే రేపు ఈ చేత్తో ఆపరేషన్ చేయొచ్చంటావు?" అన్నాడు.