చెవిటి పెట్టె

“కరెంటు ఆపేయమంటారా, ఇంకాసేపు చూస్తారా?”

మేనేజర్ గొంతులో మర్యాదకు లోటు లేదు. ఆమెకు భయం పుట్టించింది ఆ మర్యాదే. అరిచే మనిషైతే తనూ అరవొచ్చు.

“ఇంకాసేపు,” అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి చీమ పాకినట్టు పాకుతోంది. అక్కడ చంద్రుడి మీద, మేనేజర్ కంపెనీ దింపిన ల్యాండర్ పొట్ట కింద, ఆమె తయారుచేసిన పెట్టె నేలకు ఆనుకుని కూర్చుంది. చంద్రుడి నేల ఎక్కడ అదిరినా వినడం దాని పని. దిగిన నాటినుంచీ అది విన్నదల్లా ఎండకు ల్యాండర్ ఒళ్ళు సాగే చిటపటలే. నేల చప్పుడు ఒక్కటీ లేదు. నేలే మౌనంగా ఉందో, పెట్టెకే వినపడటం లేదో తేల్చి చెప్పగలిగినవాళ్ళు లేరు.

“మా పని చేరవేయడం. చెక్కుచెదరకుండా చేర్చాం,” అన్నాడు మేనేజర్. “వినడం మీ పని. అక్కడ పొద్దు వాలుతోంది. బ్యాటరీ అంతంతమాత్రం. ఆ కరెంటు మాకిస్తే ఇంకో జానెడు లోతు తవ్వుకుంటామని డ్రిల్లు వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. ఒకసారి ఆపితే చలికి మీ పెట్టె మళ్ళీ లేవదని నాకూ తెలుసు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నాను.”

మూల కుర్చీలో పెద్దాయన చల్లారిపోయిన కాఫీ పట్టుకుని కూర్చున్నాడు. ఆమెకు ఈ విద్య నేర్పిన గురువు. పెట్టెకు మొదటి బొమ్మ గీసిందీ ఆయనే.

“అతను చెప్పేదాంట్లో తప్పేం లేదమ్మా,” అన్నాడు.

“మీరూ అలా అంటే ఎలా సార్?”

“నేనేమన్నాను? ఇన్నేళ్ళు ఎదురుచూసినవాణ్ణి, ఇంకాసేపటికే చచ్చిపోనులే. చూడు.”

నవ్వు రాలేదామెకు. ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచింది.

భర్తతో మాట్లాడి మూడు రోజులైంది. అతనిదీ ఇదే పని, కాకపోతే పోటీ కంపెనీ. ల్యాండర్ ఇంజన్లు చూస్తాడు. వాళ్ళవి అన్నీ గుట్టు వ్యవహారాలు, దిగాకగానీ లోకానికి చెప్పరు. అందుకే ఇంట్లో చంద్రుడి ఊసెత్తకూడదని పెళ్ళైన కొత్తలోనే ఒప్పందం చేసుకున్నారు. మొన్న అన్నాల దగ్గర అతనే నోరు జారాడు.

“ఏమోయ్, మీ చెవిటి పెట్టెకు చెవులొచ్చాయా?”

వేళాకోళమే. కానీ ఆమెకు ఎక్కడో తగిలింది. “ముందు మీరొకటి దింపి చూపించండి. తర్వాత నవ్వుదువుగాని,” అనేసింది.

అతను సగం కంచంలో చెయ్యి కడిగేసుకుని, సంచీ భుజాన వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఇక ఇంటి మొహం చూడలేదు.

అతని ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ‘అలక ఇంకా తీరలేదన్నమాట,’ అనుకుంది. తిరిగి లోపలికి వచ్చేసరికి మేనేజర్ గడియారం చూసుకోవడం కూడా మానేసి ఆమెనే చూస్తున్నాడు.

ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

“సరే,” అంది. “ఆపేయండి.”

కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ అమ్మాయి కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“అక్కా... ఇదేంటి?”

గీత వణికింది. చిటపట అయితే సూదిలా లేచి పడిపోవాలి. ఇది లేచింది, పడటం లేదు. వెనకే ఇంకో అల వచ్చి కలిసింది. గీత లావెక్కి, తెరంతా పరుచుకుని, కొట్టిన గంట మోగినట్టు ఆగకుండా మోగుతూనే ఉంది.

పెద్దాయన లేచిన ఊపుకు కాఫీ చొక్కా మీద ఒలికింది. ఆయన చూసుకోలేదు. తెరకు ముక్కు ఆనించి, వేళ్ళతో ఏవో లెక్కలు వేశాడు.

“లోపలి అదురు కాదమ్మా ఇది. పైనుంచి తగిలిన దెబ్బ! ఏదో రాయి వచ్చి పడింది. మనకు ఉత్తరాన, ఆ పెద్ద గుంట అంచున. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూళ్ళేదు!”

“విన్నది సార్! మన పెట్టె విన్నది!”

అంతసేపూ మర్యాద తప్పని మేనేజర్ బల్ల మీద దబదబా చరిచాడు. “డ్రిల్లు వాళ్ళకు చెప్పండి, కరెంటు లేదు గిరెంటు లేదు!”

ఆపరేటర్ అమ్మాయి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి గంతులేసింది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆమె నవ్వుతూ, కన్నీళ్ళు కారుతుండగానే వరండాలోకి పరుగెత్తింది.

ఈసారి మొదటి రింగుకే ఫోన్ తీశాడతను.

“విన్నది! నా చెవిటి పెట్టె విన్నది!” మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “పెద్ద రాయట! ఆ రాయికి దండం పెట్టాలి. సరిగ్గా ఆపేయబోతుంటే వచ్చి పడింది. నాకు నీ మీద కోపం లేదు. నేనూ ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంటికొచ్చెయ్.”

అటు వైపు అంత పెద్ద ఆఫీసులో ఒక్క అలికిడి లేదు.

“ఎప్పుడు?” అన్నాడు.

“ఇప్పుడే. పావుగంట కూడా కాలేదు.”

“ఎక్కడ?”

“మాకు ఉత్తరాన, పెద్ద గుంట అంచున. వింటున్నావా?”



“అది రాయి కాదు, మా ల్యాండర్.”