తల్లి పాత్ర

అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది అక్క.

"మనిషిలో తల్లి, యోధుడు, అనాథ, ఇలా ఎన్నో పాత్రలుంటాయి. మీరు తల్లి పాత్రలోనే ఉండిపోయారు. అది దించితేనే మీరెవరో మీకు తెలుస్తుంది," అంది కౌన్సెలర్ అక్కతో.

ఆదివారం తమ్ముడు ఎప్పటిలాగే గుండీలు ఊడిన చొక్కాలు తెచ్చాడు. అక్క మనసు రాయి చేసుకుంది.

"ఇకనుంచి నువ్వే కుట్టుకోరా. నేను అక్కని, అమ్మని కాదు."

బతిమాలతాడనుకుంది. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నాకు కుట్టడం ఎప్పట్నుంచో వచ్చక్కా. పని లేకపోతే నీకు తోచదని నేనే గుండీలు తెంపుకొచ్చేవాణ్ని."

చొక్కాలు సంచిలో సర్దుకుని లేచాడు.

"వచ్చే ఆదివారం వస్తావుగా?" అంది అక్క.

"వీలు చూసుకుని ఫోన్ చేస్తాలే," అన్నాడు, దూరపు చుట్టంతో మాట్లాడినంత మర్యాదగా.