నీలిపడగ ఇల్లు

"భయ్యా, నాగకన్య మాయమైపోయిన ఇల్లు ఇదేనా?"

"ఇదే. ముందుగది గోడ మీద నీలిపడగ వెలిగిందే, ఆ ఇల్లు" అన్నాడు అనిల్.

"పడగ ఏదీ?"

"సున్నం కొట్టేశారు."

అందరూ ఫోన్లు పైకెత్తారు. ఒకామె గుమ్మానికి కుంకుమ పెట్టింది. ఇద్దరు పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూశారు. లోపల మంచం మీద శంకరరావు చెవుల మీద దిండు అదుముకున్నాడు. ఆయన స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు. ఈ నెలంతా నైట్ షిఫ్టే.

'నీలిపడగ' సీరియల్ షూటింగు ప్లాంటు క్వార్టర్లుండే ఈ సెక్టర్ 2లోనే మూడు రోజులు జరిగింది. అప్పుడు మే నెల, వీధి వీధంతా ఆంధ్రాలో సొంతూళ్ళకు పోయి ఉంది. సీరియల్ హిట్టయ్యాక అనిల్ ఈ టూరు మొదలుపెట్టాడు. కుమ్హారి ఊరి దగ్గర ఇటుకబట్టీలో మొదలై ఈ క్వార్టరు దగ్గర ముగుస్తుంది. తెరమీద ఇంటి నంబరు కనబడదు. క్వార్టర్లన్నీ ఒక్క అచ్చులో పోసినవే. షిఫ్టు దిగి నిద్రకళ్ళతో పక్కింటి తలుపు కొట్టినవాళ్ళు ఇక్కడ బోలెడుమంది.

జనం కదిలాక శంకరరావు భార్య గౌరీదేవి బయటికొచ్చింది. వాళ్ళది అనిల్ పక్క క్వార్టరే. ఆవిడ చేతి చేగోడీలు తిని పెరిగినవాడు అనిల్.

"అనిలూ, నిన్న మీ బాబాయికి క్రేను మీద కునుకు పట్టేసిందిరా. కింద మనుషులున్నారట. దేవుడి దయ, ఎవులికీ ఏటీ కాలేదు."

ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు అనిల్.

"ఊరెల్తూ తాళం మీ అమ్మకే కదా ఇచ్చాను. మొగమాటపడి షూటింగోళ్ళకి ఇచ్చీసుంటాది. నానేటీ అనను. ఈ జనాన్ని మాత్రం ఆపరా నాయినా."

"అమ్మ తప్పేం లేదు పిన్నీ. నేనే..."

"నువ్వే ఇచ్చావేటి? పోన్లే." ఆవిడ మాట మార్చేసింది. "రజని ఎలాగుంది?"

"పడుకుంది."

"పడుకోనీ. ఎనిమిదో నెల కదా, నిద్ర సాలాలి."

అనిల్ తల ఎత్తలేకపోయాడు. "రేపట్నుంచి ఎవర్నీ తీసుకురాను పిన్నీ, ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు వేయడం అది నాలుగోసారి.

మర్నాడు నాగపూర్ నుంచి బస్సు నిండా జనం దిగారు.

ఇరవై రోజుల తర్వాత శంకరరావు క్వార్టరు మార్పించుకుని సెక్టర్ 6కి సామాను కట్టాడు. బీరువా లారీ ఎక్కించింది అనిలే.

"నువ్వెందుకురా ఏడుస్తావు?" అన్నాడు శంకరరావు, ఎర్రబడిన కళ్ళతోనే నవ్వుతూ. "ఇంటికి పేరొచ్చింది. మాకే అచ్చిరాలేదు."

గౌరీదేవి తాళంచెవి అనిల్ చేతిలో పెట్టింది. "ఆఫీసోళ్ళు వచ్చీదాకా నీ దగ్గిరుంచు. నిన్ను కాకపోతే ఇంకెవుల్ని నమ్ముతాం?"

లారీ మలుపు తిరిగింది. అనిల్ కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళాడు. రజని ఇంకా నిద్రలోనే ఉంది. చప్పుడు కాకుండా సున్నం బకెట్టు తెచ్చి, తన ముందుగది గోడ మీద పాత సున్నంలోంచి మళ్ళీ పైకి తేలుతున్న నీలిపడగకి ఇంకో పూత వేయడం మొదలుపెట్టాడు.